మూసీని కొలిచిన మహనీయుడు

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున బోరబండ అనే ప్రాంతం ఉన్నది. పేరులోనే బండ ఉన్నట్లు అది రాతినేల. ఇక్కడ ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి లింగంపల్లి వైపు పోయేవారికి తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. రెండు స్టేషన్ల నడుమ దూరం స్వల్పం. అంతరం మాత్రం అధికం. ఒకచోట చిన్నచిన్న స్థలాల్లో అంతస్తుపై అంతస్తుగా లేచిన ఇళ్లు, ఇరుకు సందులు, కిక్కిరిసిన జనం. మరొకచోట విశాలమైన వీధులు, ఆకాశాన్నంటే అద్దాల మేడలు. వాన కురిసిందంటే ఈ పరిసరాల నీరు వాలు వెంబడి కూకట్‌పల్లి నాలాలోకి, అక్కడి నుండి హుస్సేన్ సాగర్‌లోకి, చివరికి మూసీలోకి చేరుతుంది. వార్డుల హద్దులు, ఆస్తుల హద్దులు మనుషులు గీసుకున్నవి. నీరు పల్లమెరుగును గాని ఆ హద్దులను ఎరుగదు.

జనగణన ఒక నగరంలో ఎంతమంది ఉన్నారో చెబుతుంది. పరిపాలకునికి ఆ సంఖ్య ఒక్కటే చాలదు. ఆ జనం ఎక్కడ ఒత్తుగా ఉన్నారు, ఎక్కడ పలుచగా ఉన్నారు, వారి ఇళ్లు మెరకలో ఉన్నాయా పల్లంలో ఉన్నాయా, తాగునీరు ఏ దిక్కు నుండి వస్తుంది, మురుగు ఏ దిక్కుకు పోతుంది అనే విషయాలన్నింటినీ ఒకే పటం మీద పరచి చూసినప్పుడే చేయవలసిన పని తెలుస్తుంది. దీనినే నేటి శాస్త్రజ్ఞులు ప్రాదేశిక విశ్లేషణ అంటున్నారు. 1854లో లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా వ్యాపించి ఆరువందల మందికి పైగా మరణించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇళ్లను పటం మీద గుర్తించాడు. ఆ గుర్తులు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటి పంపు చుట్టూ గుమిగూడినట్లు కనిపించాయి. పంపు పిడిని తొలగించారు. వ్యాధి గాలి వల్ల కాక నీటి వల్ల వ్యాపిస్తున్నదన్న ఆయన వాదానికి ఆ పటం బలమైన ఆధారమయింది.

మన హైదరాబాదులో ఇటువంటి దృష్టితో నగరాన్నీ, నదినీ, జనాన్నీ కలిపి చూసిన వ్యక్తి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన కాలంలో ఉపగ్రహ చిత్రాలు లేవు, గణన యంత్రాలు లేవు. కొలత గొలుసు, వర్షమాపకం, గుర్రపు బండి, నడిచే కాళ్లు, ఇవే ఆయన సాధనాలు.

విశ్వేశ్వరయ్య మైసూరు రాజ్యంలో, నేటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం దగ్గరున్న ముద్దేనహళ్లి గ్రామంలో 1861 సెప్టెంబర్ 15న జన్మించారు. జన్మ సంవత్సరం 1860 అని చెప్పేవారు కూడా ఉన్నారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వికులు గిద్దలూరు సమీపాన గల మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్లినవారు. ఊరు విడిచి తరాలు గడిచినా ఆ ఊరి పేరు ఇంటి పేరుగా నిలిచింది. ఇంట తెలుగు మాట నిలిచింది.

ఆయన బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. బెంగుళూరులో మేనమామ అండన చేరి, పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులకు సంపాదించుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివారు. 1881లో బి.ఏ. పట్టా పొందారు. పిమ్మట మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా సైన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ అభ్యసించి, 1883 నాటి పరీక్షలో ప్రథముడుగా నిలిచారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

బొంబాయి రాజధానిలో ఆయన గడిపిన రెండు దశాబ్దాల పైచిలుకు కాలంలో చేసిన పనులు అనేకం. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి బురద నీరే గతిగా ఉన్న రోజుల్లో, నదిగర్భంలోనే బావి తవ్వించి ఇసుక పొరల గుండా వడిసిన నీటిని పట్టణానికి అందించారు. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో తాను రూపొందించిన స్వయంచాలక తలుపులను అమర్చి, ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నీటి నిల్వను పెంచారు. ఈ రెండూ యంత్రశాస్త్ర నైపుణ్యానికి సంబంధించినవి. ప్రజల బ్రతుకుతో నేరుగా ముడిపడిన పని మరొకటి ఉన్నది. అది నీటి పంపిణీ.

దక్కన్ కాలువల కింద తలవైపున్న ఊళ్లు చెరకు వేసి నీరంతా వాడుకునేవి. అక్కడ నేల ఉరకలెత్తి చౌడుబారేది. దోమలు పెరిగి మలేరియా వ్యాపించేది. కాలువ చివరనున్న ఊళ్లకు నీటి చుక్క చేరేది కాదు. విశ్వేశ్వరయ్య ఆయకట్టు పటాన్ని ముందుంచుకొని భూములను ఖండాలుగా విభజించారు. ఒక్కొక్క ఖండంలో కొంత భాగం మాత్రమే చెరకుకు కేటాయించి, మిగిలిన భాగంలో తక్కువ నీటితో పండే పైర్లు వేయాలనీ, ఏటేటా పైర్లను మార్చుతూ పోవాలనీ నిర్ణయించారు. ఆ నీరే మరిన్ని ఊళ్లకు పారడానికి వీలు కలిగింది. తలవైపు రైతులు ఊరుకోలేదు, పత్రికలు విమర్శించాయి. ఆయన కోపగించక వారితో సమావేశమై పద్ధతిని వివరించారు. కొన్నాళ్లకు వ్యతిరేకత సద్దుమణిగింది. నీరు ఎంత ఉన్నదనే దానితో పాటు అది ఎవరి పొలం దాకా పోతున్నదని కూడా చూడాలనే పాఠం ఆయన అక్కడ నేర్చుకున్నారు. హైదరాబాదులో అదే అక్కరకు వచ్చింది.

ఎంత ప్రతిభ ఉన్నా ఆంగ్లేయుల ఏలుబడిలో ఒక భారతీయుడు బొంబాయి ప్రజాపనుల శాఖకు అధిపతి కావడం దుర్లభమని గ్రహించి, ఆయన 1908లో ఉద్యోగ విరమణకు సిద్ధమై విదేశ పర్యటనకు బయలుదేరారు. ఆ సమయంలోనే హైదరాబాదులో ఘోర విపత్తు సంభవించింది.

మూసీ నది అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుగా ప్రవహిస్తూ హైదరాబాదు నగరం నడుమ నుండి సాగిపోతుంది. నగరానికి పడమట, నేటి బాపూఘాట్ వద్ద, ఈసీ నది దానిలో కలుస్తుంది. ఏడాదిలో అధిక భాగం సన్నని పాయగా ఉండే నది కావడం వల్ల ఇరు ఒడ్లనూ ఆనుకొని జనం ఇళ్లు కట్టుకున్నారు. 1901 జనగణన నాటికే నగర జనాభా సుమారు నాలుగున్నర లక్షలు. నదికి దగ్గరగా, పల్లంలో, కిరాయి తక్కువగా ఉన్నచోట నివసించినవారు ఎక్కువగా కూలీలు, చేతివృత్తులవారు, చిల్లర వ్యాపారులు.

1908 సెప్టెంబర్ చివరి వారంలో ఎడతెగని వర్షం పట్టుకుంది. శంషాబాద్‌లో 48 గంటల్లో సుమారు 19 అంగుళాల వాన నమోదయింది. సెప్టెంబర్ 28 తెల్లవారుజామున మూసీ ఒడ్డులు దాటింది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కొట్టుకుపోయారు. కోల్సావాడి, ఘాన్సీబజార్, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ ప్రాంతాల్లో వీధులకు వీధులే మాయమయ్యాయి. నగరంలోని వంతెనలు దెబ్బతిన్నాయి. అఫ్జల్‌గంజ్‌లోని ఆసుపత్రి వరదపాలయింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో చాలాకాలం ఆ దినానికి సాక్షిగా నిలిచింది. దాదాపు 15 వేల మంది మరణించారని అంచనా. సుమారు 19 వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఎనభై వేల మంది నిలువ నీడ లేనివారయ్యారు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ రాజభవనాల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు చోటిచ్చారు. అన్నదాన కేంద్రాలు పెట్టించారు. ఆపద తీరే వేళకు అన్నం పెట్టడం రాజధర్మం. ఆపద మళ్లీ రాకుండా చూడడం అంతకంటె కష్టమైన ధర్మం. వరద దైవకోపమని నమ్మినవారు నగరంలో ఎందరో ఉన్నారు. ప్రభుత్వం మాత్రం ఇంజనీరు కోసం వెదికింది. విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్యకు ఆహ్వానం అందింది. ఆయన పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు వచ్చి పనిలో చేరారు. వరద కారణాలను పరిశోధించడం, నగరానికి రక్షణ మార్గం సూచించడం, నగర పునర్నిర్మాణానికి సలహా ఇవ్వడం, మురుగునీటి పారుదలకు పథకం తయారు చేయడం ఆయనకు అప్పగించిన పనులు.

నగరంలో జరిగిన నష్టం నగరంలోనే కనిపిస్తుంది. దాని కారణం మాత్రం నగరంలో లేదని విశ్వేశ్వరయ్య త్వరలోనే తెలుసుకున్నారు. అందరూ కూలిన ఇళ్ల వైపు చూస్తున్నప్పుడు ఆయన నది ఎగువ వైపు చూశారు. నగరం వద్దకు నీటిని చేర్చే మూసీ, ఈసీల పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు ఉన్నట్లు లెక్క తేలింది. అంటే దాదాపు చదరపు మైలుకొక చెరువు. ఇవి మన పూర్వులు తవ్వించిన గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువులోకి చేరుతుంది. మామూలు వానలకు ఈ ఏర్పాటు వరం. అసాధారణమైన వానకు అదే శాపమయింది. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరు మొత్తం ఒక్కసారిగా కింది చెరువు మీద పడి దాని కట్టనూ తెంచుతుంది. ఆ విధంగా రెండువందలకు పైగా చెరువులు తెగినట్లు విచారణలో వెల్లడయింది. మూసీలోకి వచ్చినది కేవలం ఆనాటి వాన కాదు. వందలాది ఊళ్లు నెలల తరబడి కూడబెట్టుకున్న నీరు కూడా.

ఈ నిర్ణయానికి రావడానికి ఆయన అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ఏ ఊరిలో ఎన్ని అంగుళాల వాన పడిందో వివరాలు సేకరించారు. గోడల మీద, వంతెన స్తంభాల మీద వరద మిగిల్చిన గుర్తులను కొలిపించారు. ఆ గుర్తుల ఎత్తునూ, నది వెడల్పునూ, వాలునూ బట్టి ప్రవాహ పరిమాణాన్ని గణించారు. అది సెకనుకు సుమారు నాలుగు లక్షల ఇరవై అయిదు వేల ఘనపుటడుగులు. ఇంతటి వాన మళ్లీ రాదనుకోవడానికి ఆధారం లేదు గనుక పొరుగు రాష్ట్రాలలో కురిసిన భారీ వర్షాల వివరాలను కూడా తెప్పించి పోల్చి చూశారు. జరిగినదాన్ని మాత్రమే కాక జరగబోయేదాన్ని కూడా లెక్కలోకి తీసుకొనడం ఆయన అలవాటు.

నివేదిక 1909 అక్టోబరులో ప్రభుత్వానికి చేరింది. నదికి ఇరువైపులా గోడ కట్టి నీటిని బంధించడం ఒక్కటే చాలదని ఆయన తేల్చారు. నగరం నడుమ నది వెడల్పు పరిమితం. గోడ ఎంత ఎత్తు లేపినా అంతటి ప్రవాహం అందులో ఇమడదు. ఒకవేళ గోడ తెగితే కలిగే నష్టం ఇంకా ఘోరం. కాబట్టి వరదను నగరానికి రాకముందే ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. నగరంలో ఒడ్డులను ఎత్తు చేసి, వాటి వెంబడి ఉద్యానవనాలు, విహార మార్గాలు ఏర్పాటు చేయాలని చెప్పారు. ఈ ఉద్యానవనాల సూచనను కొందరు అలంకారంగా భావించవచ్చు. అందులో ముందుచూపు ఉన్నది. నది ఉబ్బినప్పుడు మొదట మునిగే నేలలో ఇళ్లు ఉండకూడదు. తోట మునిగితే మళ్లీ మొక్కలు నాటుకోవచ్చు.

ఆయన నివేదిక ఇచ్చి మైసూరు వెళ్లిపోయారు. పని ఆగలేదు. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ పథకాన్ని చేపట్టారు. గండిపేట వద్ద మూసీపై నిర్మించిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. నగరానికి వరద భయం తగ్గడమే గాక దశాబ్దాల పాటు తాగునీరు లభించింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వరదను ఆపే జలాశయంలో ఎప్పుడూ ఖాళీ ఉండాలి. తాగునీరిచ్చే జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలి. రెండు ప్రయోజనాలకూ ఒకే జలాశయాన్ని వాడేటప్పుడు ఎంత నింపాలి, ఎప్పుడు తలుపులెత్తాలి అనేది వానను కనిపెట్టి చూస్తూ నిర్ణయించవలసిన విషయం. వర్షమాపకాలను పరీవాహకమంతటా ఉంచి, ఎగువ సమాచారం వేగంగా దిగువకు చేరేటట్లు చూడడం ఇందుకోసమే. ఇంకొక మాట కూడా మరువరాదు. నగరం భద్రంగా ఉండటానికి ఎగువన కొందరి పంటపొలాలు జలాశయాల అడుగున చేరాయి. నగర చరిత్రలో వారి ఊసు తక్కువ.

వరద నుండి రక్షణ సగం పని మాత్రమే. మిగిలిన సగం మురుగు. ఆనాటి హైదరాబాదులో ఇంటి మురుగు వీధి కాలువల్లోకి, వీధి కాలువలు మూసీలోకి చేరేవి. జనం ఒత్తుగా ఉన్న బస్తీల్లో తాగునీటి బావులూ, మురుగు గుంటలూ పక్కపక్కనే ఉండేవి. విశ్వేశ్వరయ్య రాకకు పన్నెండేళ్ల ముందు, 1897లో, రోనాల్డ్ రాస్ సికింద్రాబాదు బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. నిలిచిన నీటికీ జ్వరానికీ గల సంబంధం ఈ నగరంలోనే తేటతెల్లమయింది. నిలిచిన నీరు మాత్రం నిలిచే ఉన్నది. 1911లో ప్లేగు ప్రబలింది. 1918లో విషజ్వరం దేశమంతటినీ కుదిపింది. 1911లో అయిదు లక్షలుగా ఉన్న నగర జనాభా 1921 జనగణన నాటికి నాలుగు లక్షలకు పడిపోయింది. పదేళ్లలో ఒక నగరం జనాభా పెరగకపోగా తరిగిపోవడం కంటె ఆరోగ్య వ్యవస్థకు వేరే పరీక్ష ఏమి కావాలి?

విశ్వేశ్వరయ్య మురుగునీటిని భూగర్భ కాలువల ద్వారా నగరం వెలుపలికి తరలించే పథకానికి రూపకల్పన చేశారు. అటువంటి కాలువలకు పంపులతో పని లేకుండా వాలు కుదరాలి. ఏ వీధి ఎంత ఎత్తున ఉన్నదో, ఏ వీధిలో ఎందరు నివసిస్తున్నారో తెలియనిదే గొట్టం ఎంత వెడల్పు ఉండాలో చెప్పలేరు. అందుచేత నగరానికి సవివరమైన పటం అవసరమయింది. 1912, 1915 సంవత్సరాల మధ్య లియొనార్డ్ మన్ అనే అధికారి పర్యవేక్షణలో హైదరాబాదును గల్లీ గల్లీగా కొలిచి పటాలు తయారు చేశారు. ఇళ్లు, బావులు, మసీదులు, గుళ్లు, తోటలు అన్నీ అందులో చోటు చేసుకున్నాయి. నగర చరిత్రను అధ్యయనం చేసేవారికి ఆ పటాలు నేటికీ పెన్నిధి.

వరద తరువాతి కాలంలోనే నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి గాలి, వెలుతురు గల ఇళ్లు కట్టించింది. వీధులను వెడల్పు చేసింది. పత్తర్‌గట్టి బజారు దాని కృషి ఫలమే. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వంటి సుందర భవనాలు మూసీ ఒడ్డున లేచి నగరానికి కొత్త ముఖం తెచ్చాయి. అయితే బస్తీ తొలగించిన ప్రతిచోటా పాత నివాసులకే కొత్త ఇల్లు దొరికిందని చెప్పలేము. పటం మీద చుక్కగా కనిపించే ఇల్లు ఒక కుటుంబమన్న సంగతి ప్రణాళికలు రాసేవారు అప్పుడప్పుడు మరచిపోతుంటారు.

మైసూరులో విశ్వేశ్వరయ్య ముఖ్య ఇంజనీరుగా, 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట, మైసూరు విశ్వవిద్యాలయం, మైసూరు బ్యాంకు, భద్రావతి ఇనుప కర్మాగారం ఆయన పేరుతో ముడిపడినవి. వాటిని గురించి విద్యార్థులు ఎన్నో చోట్ల చదివి ఉంటారు. 1915లో ఆంగ్ల ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. గణాంకాలు లేని పాలన చీకటిలో నడకవంటిదని ఆయన అభిప్రాయం. ఏ జిల్లాలో ఎంతమంది అక్షరాస్యులు, ఎంత పంట, ఎన్ని పరిశ్రమలు అనే లెక్కలు తీయించి, వాటిని బట్టి లక్ష్యాలు నిర్ణయించాలని వాదించారు. 1934లో ప్రచురించిన గ్రంథంలో భారతదేశానికి పదేళ్ల ఆర్థిక ప్రణాళిక కావాలని ప్రతిపాదించారు. దేశంలో ప్రణాళికా సంఘం ఏర్పడింది 1950లో.

దివాను పదవి విడిచిన పిమ్మట కూడా హైదరాబాదు ప్రభుత్వం ఆయన సలహాను కోరింది. ఆయన వచ్చి మురుగునీటి పనులను పరిశీలించి సూచనలిచ్చారు. భూగర్భ మురుగునీటి వ్యవస్థ 1931 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. దానిని అయిదు లక్షల లోపు జనాభా కోసం నిర్మించారు. ఆనాటి లెక్క ప్రకారం అది సబబే. 2011 జనగణన నాటికి బృహత్ హైదరాబాదు జనాభా 67 లక్షలు దాటింది. పాత గొట్టాల పరిధికి వెలుపల, రాతిగుట్టల మీద, చెరువుల అంచున, నాలాల పక్కన కొత్త బస్తీలు వెలిశాయి. బోరబండ వాటిలో ఒకటి. ఊరి నుండి పని కోసం వచ్చినవారు అందుబాటులో ఉన్న చోట ఇల్లు వేసుకున్నారు. నీరు ఎటు పోతుందో చూసి ఇల్లు కట్టుకునే వెసులుబాటు పేదవానికి ఉండదు. ఆ చూపు ప్రభుత్వానికి ఉండాలి.

1955లో విశ్వేశ్వరయ్యకు భారతరత్న పురస్కారం లభించింది. నూరేళ్లు నిండిన ఆయన 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో పరమపదించారు. పుట్టిన ఊరు ముద్దేనహళ్లిలోనే ఆయనకు స్మారకం నిర్మించారు. సెప్టెంబర్ 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఆయన సూచించిన జలాశయాల కథ ఆయనతో ముగియలేదు. 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆ రెండు జలాశయాల చుట్టూ ఉన్న 84 గ్రామాలలో పరిశ్రమలు, భారీ నిర్మాణాలు రాకుండా ఆంక్షలు విధించింది. నీరు ఎక్కడ పడుతుందో ఆ నేలను కాపాడాలన్నది దాని ఉద్దేశం. నగరం పడమటికి విస్తరించేకొద్దీ ఆ భూముల విలువ పెరిగింది. ఆంక్షల వల్ల తమ భూమికి ధర రావడం లేదని గ్రామస్థులు, ఆంక్షలు తీసివేస్తే జలాశయాలు ఎండిపోతాయని పర్యావరణవేత్తలు ఏళ్ల తరబడి వాదించారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువరించింది. వాదం మాత్రం తీరలేదు.

2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ కురిసిన కుండపోత వానలకు నగరంలోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. ఈ రెండు సందర్భాలలోనూ చెరువుల శిఖం భూములు, నాలాల దారులు పూడిపోవడం ప్రధాన కారణాలుగా చర్చకు వచ్చాయి. 1909లో విశ్వేశ్వరయ్యకు ఎదురైనవి తెగిన చెరువులు. ఇప్పటివారికి ఎదురవుతున్నవి కనబడకుండా పోయిన చెరువులు. నాటి పటాల మీద నేటి ఉపగ్రహ చిత్రాన్ని పరచి చూస్తే ఏ కాలనీ కింద ఏ చెరువు ఉండేదో తెలుసుకోవచ్చు.

ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు. హిమాయత్ సాగర్‌ది 1763.50 అడుగులు. వానాకాలంలో నీరు ఆ గీతకు చేరువైనప్పుడు అధికారులు తలుపులెత్తడానికి ముందుగా మూసీ ఒడ్డునున్న మూసానగర్, చాదర్‌ఘాట్ వంటి బస్తీల వారిని హెచ్చరిస్తారు. ఆ రాత్రి అక్కడి కుటుంబాలు బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు మూట గట్టుకొని మెరకకు చేరుకుంటాయి.